టైంటేబుల్‌కి కౌన్సెలింగ్ ఎవరిస్తారు?

ఏప్రిల్ చివరికొచ్చేసరికి నేరేడ్‌మెట్ చౌరస్తాలో ఫ్లెక్సీలు మారతాయి. నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు దిగిపోయి ర్యాంకులు ఎక్కుతాయి. పాస్‌పోర్టు సైజు ముఖం, దాని కింద ముఖం కన్నా పెద్ద అంకె. సైనిక్‌పురి వైపు పోయినా, వినాయక్‌నగర్ వైపు తిరిగినా, సఫిల్‌గూడ దాటి మల్కాజిగిరిలోకి వెళ్లినా అవే ముఖాలు, అవే అంకెలు. బడులు తెరిచిన కొన్ని వారాలకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో రకం పోస్టరు తిరుగుతుంది: విద్యార్థుల్లో ఒత్తిడి నివారణపై అవగాహన సదస్సు. ఒక నిపుణుడి ప్రసంగం, పది నిమిషాల ధ్యానం, చివర గ్రూప్ ఫొటో. ఫ్లెక్సీ కట్టిన చెయ్యీ సదస్సు పెట్టిన చెయ్యీ చాలాసార్లు ఒకటే. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

ఎత్తకపోవడానికి కారణం మనందరం తలూపేసిన ఒక అభిప్రాయం. ఇప్పటి పిల్లలు మరీ సున్నితం, చిన్న దెబ్బకే కుంగిపోతున్నారు, అందుకని వాళ్లకు తట్టుకునే శక్తి నేర్పాలి. కోపం వస్తే అంకెలు లెక్కపెట్టుకోవాలి, భయమేస్తే ఊపిరి నిండా పీల్చి వదలాలి, ప్రతికూల ఆలోచన వస్తే దాన్ని అనుకూలంగా మార్చుకోవాలి. ఇలా అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. టీచర్లు, డాక్టర్లు, రిటైరైన అధికారులు, మనలాంటి తల్లిదండ్రులు. వాళ్ల వాదనలో గట్టి మాట కూడా ఉంది: లోకాన్ని మార్చడం మన చేతిలో లేదు, పిల్లవాణ్ణి సిద్ధం చేయడం ఉంది. పోటీ ఎటూ తప్పదు, ఓటమి తప్పదు, రేపు ఆఫీసులో చిరాకు పడే మేనేజరు తప్పడు. ఇప్పుడే నేర్చుకుంటే అప్పుడు పనికొస్తుంది. ఈ మాట ఎంత సబబుగా వినిపిస్తుందంటే, కాదన్నవాడు పిల్లల శత్రువులా కనిపిస్తాడు.

నేను కాదనే అంటున్నాను. పిల్లలకు తమ మనసు గురించి చెప్పొద్దని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ఈ చెప్పడమంతా పెద్దలు ఇవ్వాల్సిన జవాబుకు బదులుగా నడుస్తోంది. ఒత్తిడి ఎక్కడ తయారవుతోందో అటు చూడకుండా, అది ఎవరి నెత్తిన పడుతోందో వాళ్లను కూర్చోబెట్టి పాఠం చెప్తున్నాం. కప్పు కారే ఇంట్లో పిల్లలకు ఈత నేర్పించే పని ఇది.

ముందు ఆ ‘ఇప్పటి పిల్లలు’ సంగతి చూద్దాం. సెల్‌ఫోన్ చెడగొట్టిందనీ, ఒక్కగానొక్క బిడ్డలని గారం చేయడం వల్ల గట్టిదనం పోయిందనీ, మా కాలంలో ఇవేమీ లేవనీ అంటారు. కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నీరదా రెడ్డి కమిటీని వేసింది 2001లో. అప్పటికి పిల్లల చేతుల్లో స్మార్ట్‌ఫోన్ లేదు, ఇన్‌స్టాగ్రామ్ ఇంకా పుట్టలేదు. ఆ ఏడు ఇంటర్ చదివినవాళ్లకు ఇప్పుడు నలభై దాటాయి. చాలామంది ఇంటర్ చదివే పిల్లల తల్లిదండ్రులు. 2017లో మరణాలు వరస కట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ వచ్చింది. కమిటీలు మారాయి, తరాలు మారాయి, పిల్లల చేతిలో వస్తువులు మారాయి. మారనిది తెల్లవారుజామున మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే ఆ రోజు ఒక్కటే. పాతికేళ్లుగా ఒకే చోట జనం జారిపడుతుంటే వాళ్ల కాళ్లలో బలం లేదనడం కన్నా నేల చూడటం తేలిక కాదా?

నేరేడ్‌మెట్‌లో ఈ వాదనకు ఒక సైనిక రూపం కూడా ఉంది. ఇది కంటోన్మెంటు పక్క ఊరు. రామకృష్ణాపురం చుట్టుపక్కల సర్వీసులో ఉన్న కుటుంబాలు, సైనిక్‌పురి, వాయుపురి వైపు రిటైరై ఇల్లు కట్టుకున్న కుటుంబాలు. అందుకని ఇక్కడ పిల్లల ప్రస్తావన వస్తే ఫౌజీ క్రమశిక్షణ ప్రస్తావన కూడా తప్పకుండా వస్తుంది. మంచులో, తూటాల మధ్య నిలబడ్డవాళ్లం, ఒక పరీక్షకు వణికితే ఎట్లా అంటారు పెద్దలు. ఆ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అందుకే దాన్ని పూర్తిగా చెప్పమంటాను, సగం చెప్పి ఆపొద్దంటాను.

సైన్యం తన మనిషిని ఎప్పటికీ సరిహద్దు మీదే నిలబెట్టదు. ఫీల్డ్ పోస్టింగ్ తర్వాత పీస్ పోస్టింగ్ ఇస్తుంది. సికింద్రాబాద్ అలాంటి పీస్ స్టేషనే. ఈ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు కలిసి కాపురం చేయగలిగింది ఆ లెక్క వల్లే. సియాచిన్ పై పోస్టుల్లో జవాన్లను కొన్ని నెలలకు మించి ఉంచరు, దించి వేరేవాళ్లను పంపుతారు. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవుంది, క్యాజువల్ సెలవు వేరే. పక్కన బడ్డీ ఉంటాడు. తన మనుషుల మనసు ఎట్లా ఉందో కనిపెట్టి ఉండటం పై అధికారి ఉద్యోగంలో భాగం. సైన్యంలోనూ ఆత్మహత్యలున్నాయి, కాదనలేం. ఆ ప్రశ్నకు పార్లమెంటులో రక్షణ శాఖ ఇచ్చిన జవాబుల్లో యోగా, కౌన్సెలింగ్ పక్కనే సెలవుల సడలింపు, ఫిర్యాదుల పరిష్కారం, నివాస వసతి కూడా కనిపిస్తాయి. అంటే దేశంలో అందరికన్నా గట్టివాళ్లనుకునే మనుషుల విషయంలో కూడా భారం ఎంత, ఎంత కాలం అన్న లెక్క వేస్తారు. పదహారేళ్ల ఎంపీసీ పిల్లవాడి విషయంలో ఆ లెక్క ఎవరు వేస్తున్నారు? అతనికి పీస్ పోస్టింగ్ ఎప్పుడు? దసరా సెలవుల్లో, వేసవిలో క్లాసులు పెట్టొద్దని ఇంటర్ బోర్డు కాలేజీలను హెచ్చరించడం, హెచ్చరిక కాగితాల మీద ఉండిపోవడం మనకు అలవాటైన తంతు. ఫౌజీ క్రమశిక్షణ కావాలంటే మొత్తం తెచ్చుకుందాం, సెలవు కాగితంతో సహా.

ఇక తట్టుకునే శక్తి సిద్ధాంతానికి ఈ నేల మీద జరిగిన అతి పెద్ద పరీక్ష 2019లో వచ్చింది. ఆ ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు విడుదలయ్యాయి. రెండు సంవత్సరాలూ కలిపి తొమ్మిదిన్నర లక్షల మందికి పైగా రాస్తే మూడు లక్షల పైచిలుకు ఫెయిల్. ఫస్టియర్‌లో నూటికి తొంభైలు తెచ్చుకున్నవాళ్లకు సెకండియర్‌లో పాస్ మార్కులు కూడా లేవు. పరీక్ష రాసి వచ్చినవాళ్ల మెమోలో ఆబ్సెంట్. ఒక అమ్మాయికి తెలుగులో 99 రావాల్సింది సున్నా పడింది. ఫలితాలను ప్రాసెస్ చేసిన కాంట్రాక్టు గ్లోబరీనా టెక్నాలజీస్ అనే ప్రైవేటు సంస్థది. నాంపల్లిలో ఇంటర్ బోర్డు గేటు ముందు తల్లిదండ్రులు ఎండలో రోజుల తరబడి నిలబడ్డారు. ఆ కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

అప్పుడు టీవీల్లో వినిపించిన సలహాలు గుర్తు తెచ్చుకోండి. ధైర్యంగా ఉండండి, మార్కులే జీవితం కాదు, ఒక్క పరీక్ష పోతే ఏమైంది. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ అవి ఎవరికి చెప్పాల్సినవి? ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీ అదే నెల 27న నివేదిక ఇచ్చి, సంస్థ తప్పులనూ బోర్డు తప్పులనూ రెండింటినీ ఎత్తి చూపింది. ఫెయిలైన అందరి పేపర్లూ ఫీజు లేకుండా మళ్లీ చూశారు. 1,137 మంది పాసయ్యారు.

ఆ 1,137 మందిని కాసేపు పక్కన కూర్చోబెట్టుకుని ఆలోచిద్దాం. ఏప్రిల్ 18 సాయంత్రం వాళ్లకు కలిగింది దుఃఖం, అవమానం, కోపం. మన సదస్సుల భాషలో అవి నిభాయించుకోవాల్సిన ప్రతికూల భావాలు. నిజానికి ఆ సాయంత్రం ఉన్న వాటన్నిటిలో సరైన లెక్క అవొక్కటే. మెమో తప్పు, కంప్యూటరు తప్పు, బోర్డు తప్పు. ‘నాకేదో అన్యాయం జరిగింది’ అన్న పిల్లవాడి కడుపులో మంట తప్పు కాదు. ఆ పిల్లలందరికీ మనం బ్రహ్మాండంగా శిక్షణ ఇచ్చి ఉంటే, అందరూ కళ్లు మూసుకుని, ఊపిరి పీల్చుకుని, జరిగిందాన్ని అంగీకరించి ఉంటే ఏమయ్యేది? పేపర్లు కట్టల్లోనే ఉండేవి. కట్టలు విప్పించింది రోడ్డు మీది కోపం, హైకోర్టులో పడ్డ పిటిషన్. భావోద్వేగాన్ని అణచుకోవడం ఎప్పుడూ గుణమే అనేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణకు జవాబు చెప్పాలి.

మిగతా మూడు లక్షల మంది నిజంగానే ఫెయిలయ్యారు కదా అనొచ్చు. అయ్యారు. రాసినవాళ్లలో మూడో వంతు ఫెయిలయ్యే ఏర్పాటును ఏటా చూస్తూ, అందులో ప్రతి పిల్లవాణ్ణీ విడివిడిగా కూర్చోబెట్టి నీలో ఏం తక్కువైందో వెతుక్కోమనడం ఏ రకం విద్య? 2021 డిసెంబరులో ఇంకా తేటగా తెలిసింది. కోవిడ్ వల్ల పాఠాలు ఫోన్లలో, టీవీల్లో సాగాయి. అప్పటికే సెకండియర్‌లోకి పంపేసిన పిల్లలను అక్టోబరులో మళ్లీ ఫస్టియర్ పరీక్షలకు కూర్చోబెట్టారు. 4.59 లక్షల మందిలో పాసైంది 49 శాతం. మళ్లీ మరణాల వార్తలు, మళ్లీ ధర్నాలు, చివరికి అందరికీ పాస్ మార్కులు వేస్తున్నామన్న ప్రకటన. అది మంచి పరిష్కారమని నేననను. నేననేది ఇంతే: ఒక్క సంతకంతో పోయే ఒత్తిడి పిల్లవాడి మనసులో పుట్టింది కాదు.

నిమిషం నిబంధన ఇంకో సంగతి. పరీక్ష కేంద్రానికి నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వకపోవడం మన ఇంటర్ పరీక్షల్లో ఒక ఘనతలా సాగింది. బస్సు రాకపోయినా అంతే, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా అంతే. 2024 ఫిబ్రవరి 29న ఆదిలాబాద్ జిల్లాలో అలా వెనక్కి పంపిన ఒక విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. మర్నాడు బోర్డు ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చింది. ఐదు నిమిషాలు! ఆ ఐదు నిమిషాల వల్ల పరీక్షల పవిత్రత ఏమీ చెడలేదు. ముందు రోజే ఇచ్చి ఉంటే ఏం పోయేది? అన్ని లక్షల మంది పిల్లల గుండెదడకు మందు ఒక సర్క్యులర్‌లో ఉండగా, మనం వాళ్లకు గుండెదడ తగ్గించుకునే చిట్కాలు ముద్రించి పంచాం.

సరే, చిట్కాలు పనిచేస్తాయా? ఎవరికైనా పరీక్షించి చూసే ఓపిక ఉందా అంటే, బ్రిటన్ వాళ్లకు ఉంది. మిరియాడ్ అని పేరుపెట్టిన ఆ ప్రయోగంలో 85 బడులు, 8 వేల మందికి పైగా పిల్లలు, అందరూ పదకొండు నుంచి పద్నాలుగేళ్లలోపు వాళ్లు. సగం బడుల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చి మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పించారు. మిగతా బడులు ఎప్పటిలాగే నడిచాయి. 2022లో వచ్చిన ఫలితం: పిల్లల మానసిక స్థితిలో ఆ పాఠాల వల్ల చెప్పుకోదగ్గ మేలు లేదు. అప్పటికే కుంగుబాటు ముప్పు ఉన్న పిల్లలకైతే మేలు కాకపోగా కొంచెం కీడే జరిగి ఉండొచ్చన్న సూచనలు కనిపించాయి. ఇంటి దగ్గర సాధన చేయమంటే చాలామంది చేయనే లేదు. ఇది ధ్యానాన్ని తిట్టడానికి చెప్పడం లేదు. ఇష్టపడి చేసేవాళ్లకు దానివల్ల ఉపయోగం ఉందేమో, ఉండనివ్వండి. బడంతటికీ ఒకే మోతాదులో పట్టించే మందు మాత్రం అది కాదు.

విదేశీ లెక్కలు మనకు వర్తించవంటారా? బీహార్‌కు వెళ్దాం. నలంద జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సెహర్ అనే కార్యక్రమాన్ని పరీక్షించారు. తొమ్మిదో తరగతి పిల్లలు, 13 వేల మంది దాకా. కొన్ని బడుల్లో ‘సెహర్ మిత్ర’ అని బయటి నుంచి ఒక మనిషిని పెట్టారు. పెద్ద డిగ్రీలున్న సైకాలజిస్టు కాదు, శిక్షణ పొందిన మామూలు మనిషి. ఇంకొన్ని బడుల్లో అదే పని టీచరుకు అప్పగించారు. మిగతాచోట్ల ఏమీ మార్చలేదు. సెహర్ మిత్ర చేసిన పనులు చూస్తే మన సదస్సుల నిర్వాహకులకు చప్పగా అనిపిస్తాయి. గోడ పత్రిక. పేరు రాయకుండా ఫిర్యాదులు వేసే పెట్టె. ఏడిపించడం మీద, కొట్టడం మీద బడికి ఒక రాతపూర్వక నియమం. పిల్లలూ టీచర్లూ కలిసి కూర్చునే సమావేశాలు. కావాల్సినవాళ్లకు ఒంటరిగా మాట్లాడే చోటు. 2018లో లాన్సెట్‌లో అచ్చయిన ఫలితం ఇది: సెహర్ మిత్ర ఉన్న బడుల్లో పిల్లల కుంగుబాటు తగ్గింది, ఏడిపింపులు తగ్గాయి, హింస తగ్గింది. అన్నిటికన్నా బడి వాతావరణం బాగుపడింది, బడి తమదన్న భావన పెరిగింది. టీచరుకే అప్పగించిన చోట మాత్రం ఫలితం కనబడలేదు.

ఈ చివరి వాక్యం దగ్గర ఆగాలి. టీచర్లు పనికిరానివాళ్లని దాని అర్థం కాదు. మార్కులు వేసే మనిషికీ, హాజరు పట్టీ పట్టుకున్న మనిషికీ తన భయాన్ని చెప్పుకోవడానికి ఏ పిల్లవాడూ ముందుకు రాడు. పైగా ఆ టీచరుకు సిలబస్ ఉంది, పేపర్లు దిద్దే పని ఉంది. మన దగ్గర ఏం జరుగుతోంది? ఒకే మనిషి కౌన్సెలరూ, అడ్మిన్ ఇంచార్జీ. లేదంటే బయోడేటాలో కౌన్సెలర్ అని ఉన్న ఇంకో లెక్చరర్. పిల్లవాడు ఆ గదిలో చెప్పింది సాయంత్రానికి ప్రిన్సిపాల్‌కు, రాత్రికి తండ్రి ఫోన్‌కు చేరుతుంది. ఆ సంగతి పిల్లలకు మనకన్నా బాగా తెలుసు. అందుకే ఆ గదిలోకి వెళ్లినవాడు ‘బాగానే ఉంది సార్’ అని చెప్పి వస్తాడు. కౌన్సెలర్‌ను పెట్టాం, పిల్లలే రావట్లేదు అని యాజమాన్యం చేతులు దులుపుకుంటుంది.

ఇప్పుడు పోటీ వాదన. ఇది అన్నిటిలోకీ గట్టిది కనుక దీన్ని తేలిగ్గా తీసేయను. 2024లో ఐఐటీల్లో ఉన్న సీట్లు 17,740. ఆ ఏడు జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షలకు పైగా. నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైగా ఉంటే ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. గేటు ఇరుకు, జనం ఎక్కువ, తోపులాట తప్పదు. ఒప్పుకుంటాను. కానీ ఈ లెక్కను చివరిదాకా చదివితే తేలేదేమిటి? పిల్లలందరూ యోగుల్లా నిబ్బరంగా కూర్చుని రాసినా సీట్లు అవే, సీటు రానివాళ్ల సంఖ్యా అదే. వాళ్ల నిబ్బరం సీటు తేదు. అలాంటప్పుడు సీటు రాకపోవడాన్ని మామూలు విషయంగా చూసే ఇల్లూ, వీధీ, కాలేజీ కావాలి. మనం చేస్తున్నదేమో సరిగ్గా తలకిందులు. సీటు రానివాడి ముఖం ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు సరే, సీటు వచ్చినవాడి ముఖం వాడి కిటికీకి ఎదురుగా కడతాం.

పైగా అసలు గేటు దగ్గరి పోటీ ఒక్క రోజుది. కాలేజీ పెట్టేది రెండేళ్ల పోటీ. ప్రతి వారం వీకెండ్ టెస్టు, సోమవారానికల్లా గోడ మీద ర్యాంకుల షీటు, నెల తిరిగేసరికి సెక్షన్ మార్పు. పై సెక్షన్‌కు మంచి లెక్చరర్లు, మంచి గది. కింది సెక్షన్‌కు కొత్తగా చేరిన సారు. ఒకే ఫీజు కట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకడికి చదువు, ఇంకొకడికి రోజంతా కూర్చునే శిక్ష. ఈ ఏర్పాటు ఐఐటీ సీట్లను ఒక్కటి కూడా పెంచదు. పెంచేది ఫ్లెక్సీ మీద ముఖాలను. ఎవరి ముఖం రావచ్చో ముందే వడపోసి, పెట్టుబడంతా వాళ్ల మీద పెట్టే వ్యాపార పద్ధతి ఇది. దీన్ని పోటీ ప్రపంచం అని పిలవడం ప్రపంచానికి అపకీర్తి. తొమ్మిదో తరగతి నుంచే పీఆర్వోలు తల్లులకు ఫోన్లు చేసి ‘మేడమ్, మీ బాబుకు రాయితీ ఇప్పిస్తాం’ అనడం కూడా ఆ పద్ధతిలో ముక్కే. ఏ సెక్షన్‌లో కూర్చోబెడతారో మాత్రం పీఆర్వో చెప్పడు.

ఈ మాట నాది మాత్రమే అయితే ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. సుప్రీంకోర్టుది కూడా. నీట్ కోచింగ్ కోసం పశ్చిమ బెంగాల్ నుంచి విశాఖపట్నం వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. ఆమె తండ్రి సీబీఐ దర్యాప్తు కావాలంటే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు, ఆయన ఢిల్లీ దాకా వెళ్లాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చారు. మానసిక ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమన్నారు. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలన్నారు. ఈ ఒక్క ముక్కే పేపర్లలో పెద్దక్షరాల్లో వచ్చింది, యాజమాన్యాలకూ బాగానే నచ్చి ఉంటుంది. ఒక జీతంతో పోయేది.

అదే తీర్పులో ఉన్న మిగతా సంగతులు ఎందుకో అంత గట్టిగా వినపడలేదు. మార్కులను బట్టి బ్యాచీలుగా విడగొట్టొద్దు. అందరి ముందూ అవమానించొద్దు. శక్తికి మించిన లక్ష్యాలు నెత్తిన రుద్దొద్దు. పరీక్షల విధానాన్నే ఎప్పటికప్పుడు సమీక్షించి భారం తగ్గించాలి. అంటే కోర్టు పిల్లవాణ్ణి బాగుచేయమని ఊరుకోలేదు, బడిని కూడా బాగుచేయమంది. పదిహేనింటిలో చేతికందే రెండు మూడు తీసుకుని, సెక్షన్ల ముచ్చట వచ్చేసరికి మౌనం పాటిస్తే అది అమలు కాదు.

ఇంటి సంగతీ ఉంది, దాన్ని దాటేయలేను. కాలేజీని తిట్టడం తేలిక, కాలేజీ మన చేతులతో కట్టిన ఫీజుతోనే నడుస్తోంది. పిల్లవాడు ఏడిస్తే ‘మగపిల్లాడివి, ఆడపిల్లలా ఏడుస్తవేందిరా’ అంటాం. పిల్ల కోపంగా తలుపేసుకుంటే ‘ఎంత పొగరో’ అంటాం. ఈ రెండూ కూడా తట్టుకునే శక్తి సిద్ధాంతానికి ఇంటి రూపాలే. ఏడుపు ఆగితే సమస్య ఆగిందనుకుంటాం. ఏడుపు ఆగిన పిల్లవాడి గురించే అసలు ఎక్కువ కంగారు పడాలి. ఏం జరిగిందని అడిగి, విన్నదాని మీద ఏదో ఒకటి చేసేవాళ్లుంటేనే పిల్లలు రెండోసారి నోరు విప్పుతారు. సెక్షన్ మారిస్తే అన్నం తినలేకపోతున్నానన్న అమ్మాయికి ఆలోచన మార్చుకోమని కాక, ‘పద, రేపు ప్రిన్సిపాల్‌ను కలుద్దాం’ అన్న తల్లి ఏ కౌన్సెలరూ చేయలేని పని చేస్తుంది.

నిద్ర ఇంకొకటి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవాళ్లకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెప్తున్నారు. కాలిఫోర్నియాలో హైస్కూళ్లు ఉదయం ఎనిమిదిన్నర కన్నా ముందు మొదలుపెట్టకూడదన్న చట్టం 2022 నుంచి అమల్లో ఉంది. చదువు పిచ్చిలో మనల్ని తలదన్నే దక్షిణ కొరియాలో, సియోల్ నగరం ట్యూషన్ కేంద్రాలు రాత్రి పదికల్లా మూయాలని నియమం పెడితే, అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2009లో దాన్ని సమర్థించింది. కొరియా పిల్లల కష్టాలన్నీ తీరాయని కాదు, తీరలేదు. కనీసం గడియారం మీద చెయ్యి వేయొచ్చని వాళ్లకు తట్టింది. మన నేరేడ్‌మెట్‌లో తెల్లారకముందే పసుపుపచ్చ బస్సెక్కి, చీకటిపడ్డాక దిగి, అన్నం తిని హోంవర్కు ముందు కూర్చునే పిల్లవాడికి చిరాకు, మతిమరుపు, గుండెదడ ఉంటే వాటి పేరు ముందు నిద్రలేమి. దానికి మోటివేషన్ స్పీచ్ పెట్టి ఇంకో గంట నిద్ర తీసేస్తున్నాం.

ఇంత చెప్పాక ఒక మాట ఖండితంగా చెప్పాలి. కుంగుబాటు ఒక జబ్బు, దానికి వైద్యం ఉంది. అది కాలేజీ మంచిదైనా రావచ్చు, ఇల్లు మంచిదైనా రావచ్చు. పిల్లవాడు చావు గురించి మాట్లాడితే ఆ క్షణంలో వ్యవస్థ గురించి చర్చ పెట్టొద్దు, పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలొద్దు, డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ఊపిరి పీల్చుకోవడం కూడా ఆ రాత్రి గడవడానికి సాయపడితే పడనివ్వండి. తెల్లారాక ఆ పిల్లవాణ్ణి మళ్లీ అదే బస్సెక్కించి, అదే ర్యాంకుల షీటు ముందు నిలబెట్టి, నిన్న నేర్పాం కదా అనొద్దన్నదే ఈ వ్యాసం గొడవంతా. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అంతమందికీ విడివిడిగా మనోబలం తక్కువైందని నమ్మాలంటే చాలా మనోబలం కావాలి.

వచ్చే అడ్మిషన్ల సీజన్‌లో పీఆర్వో ఫోన్ చేసినప్పుడు ఫీజులో రాయితీ ఎంతని అడిగే ముందు ఇంకొన్ని అడగొచ్చు. ఆదివారం పరీక్ష ఉందా? ర్యాంకుల షీటు గోడకు కడతారా? మార్కులను బట్టి సెక్షన్ మారుస్తారా, మారిస్తే ఆ మాట పిల్లవాడికి ఎవరు చెప్తారు? మీ కౌన్సెలర్ ఎవరికి జవాబుదారీ, పిల్లవాడు చెప్పింది ఎక్కడిదాకా వెళ్తుంది? పీఆర్వో దగ్గర వీటికి జవాబుండదు. ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడగాలి. ప్రిన్సిపాల్ కూడా చెప్పకపోతే పైన ఒక చోటుంది. ఆ తీర్పు ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన ఒక పర్యవేక్షణ కమిటీ ఉండాలి. సంస్థలను తనిఖీ చేయడం, ఫిర్యాదులు తీసుకోవడం దాని పని. చట్టం వచ్చేదాకా ఆ మార్గదర్శకాలే అందరూ పాటించాల్సిన శాసనమని కోర్టు చెప్పింది. మన మేడ్చల్-మల్కాజిగిరి కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో ఉంది. మార్కులను బట్టి విడగొట్టిన ప్రతి సెక్షన్ జాబితానూ, గోడకు కట్టిన ప్రతి ర్యాంకుల షీటు ఫొటోనూ ఒక దరఖాస్తుకు జతచేసి ప్రజావాణి రోజున అక్కడ ఇచ్చి, రశీదు తీసుకోవచ్చు.